బారసాలకు బంగారు సలహాలు

పళ్లెంలో బియ్యం పోశారు. ఉంగరం చేతిలో ఉంది. పంతులుగారు మీ వంకే చూస్తున్నారు. ఇంకా పేరు తేలలేదా? కంగారు పడకండి, మేమున్నాం.

1. అర్థం అడగకండి. చెవికి కొత్తగా తగిలితే చాలు. 'కృతాంత్' ఎంత స్టైలుగా ఉంది! కృతాంతుడంటే యముడని ఏ ముసలాయనో గొణుగుతాడు, గొణగనివ్వండి. యముడి నెత్తిన అక్షింతలు వేసి 'దీర్ఘాయుష్మాన్ భవ' అనే భాగ్యం పంతులుగారికి మాత్రం రోజూ దొరుకుతుందా? ఆడపిల్లయితే అనామిక. అంటే పేరులేనిది. పెట్టినట్టూ ఉంటుంది, పెట్టనట్టూ ఉంటుంది.

2. ఊళ్లో ఇంకెవరికీ ఉండకూడదా? పురాణాలు తిరగేయండి. రాముడి పేరుకు ఎప్పుడూ రద్దీయే. శకుని, మంథర యుగాలుగా ఖాళీగా పడున్నాయి. కైకేయి అని పెడితే రేపు ఆస్తి పంపకాల్లో అమ్మాయి ఏం అడిగినా తప్పు పేరు మీదకు నెట్టేయొచ్చు.

3. ఆ వారం పేపరు చూసి పెట్టండి. 1979లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని మన పల్లెలు వణికిపోయాయి. జూలై 11న అది ఆస్ట్రేలియా వైపు ముక్కలై రాలింది. మన దగ్గర మాత్రం కొందరు పిల్లల పేర్లలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. 2020లో కడప జిల్లాలో కరోనా కుమార్, కరోనా కుమారి వెలిశారు. పుట్టిన ఏడాదికి వేరే సర్టిఫికెట్టు ఎందుకు?

4. ముద్దుపేరు హిందీలో పెట్టండి. అక్కడ గుడ్డి అంటే బొమ్మలాంటి పిల్ల. 1971 నాటి జయ భాదురి సినిమా పేరూ అదే. వీధి మొగలో నిలబడి "గుడ్డీ, ఇలా రావే!" అని కేకేయండి. ఎదురింటి మామ్మగారు "అయ్యో, పుట్టుకతోనేనా?" అంటే నవ్వి ఊరుకోండి. తమ్ముడు పుడితే గుడ్డూ ఉండనే ఉన్నాడు.

5. హర్షిత్ అని ఇంగ్లీషులో రాసేటప్పుడు మనవాళ్లు చివర తగిలించే హెచ్ శుద్ధ దండగ. తీసేయండి. మిగిలిన చివరి నాలుగక్షరాలనూ విడదీసి చదవడం అమెరికా బడిలో మొదటిరోజే తోటి పిల్లలు నేర్పిస్తారు. ఫీజు లేదు.

చివరగా ఒక హెచ్చరిక. ఎట్టి పరిస్థితుల్లోనూ పెంటయ్య అని పెట్టకండి. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, ఈసారి బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చాటలో ఎత్తుకొచ్చి, చావుకు కూడా రోత పుట్టాలని పెట్టుకున్న పేరది. ఆ తల్లులకు బిడ్డ దక్కితే చాలు. మనకు పేరు ముఖ్యం.