డెర్బీ టిక్కెట్టు పద్యం: సవిశేష టీకా తాత్పర్యం

అవతారిక

కలకత్తాలో 1889లో పుట్టిన మోహన్ బాగాన్‌కూ, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్‌కూ మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీని లోకులు డెర్బీ అంటారు. మైదానంలో ఆడేది తొంభై నిమిషాలు. టిక్కెట్ల మీద నడిచే వాదం మాత్రం వారం ముందు మొదలై, మ్యాచ్ అయిపోయాక కూడా చాయ్ దుకాణాల్లో సాగుతూనే ఉంటుంది. ఆ వాదసారాన్ని ఒక అజ్ఞాతకవి నాలుగు పాదాల్లో ఇమిడ్చాడు. కవి కాలాదులు తెలియవు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాడై ఉంటాడని కొందరు. తెల్లవారుజాము లోకల్ పట్టుకుని, హౌరాలో దిగి, నడుచుకుంటూ క్లబ్బు టెంటు దగ్గరి లైనులో చేరినవాడికి తప్ప ఇంత నిర్వేదం పట్టుబడదని వారి యుక్తి.

సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కొలిచెలమ మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్న మహానుభావుడు. మేము ఆ నియమం పాటించలేము. టిక్కెట్ల విషయంలో అసలు సంగతి మూలంలో ఎప్పుడూ ఉండదు.

మూలం

టిక్కెటొక్కటున్న డెందము చల్లన
లేనివానికింట లేదు నిదుర
బ్లాకులోన దొరుకు బంగారు రేటుకు
కౌంటరందు మాట కాదు, లేదు

ప్రతిపదార్థం

టిక్కెటు = పేరూ వరుసా సీటు నంబరూ వేసిన చీటీ; ఒక్కటి = రెండు కాదు (బావమరిదికి కూడా కావాలని అడగరాదని ధ్వని); ఉన్న = చేతికి వచ్చి జేబులో పడినచో. ఫోనులో డబ్బు కట్టినంత మాత్రాన ఉన్నట్టు కాదు. డెందము = గుండె; చల్లన = మ్యాచ్ మొదలయ్యేదాకా మాత్రమే చల్లన. లేనివానికి = టిక్కెట్టు లేనివానికి; ఇంట = సొంత ఇంటిలోనే; నిదుర లేదు = తనకే కాదు, ఇంటిల్లిపాదికీ లేదు. బ్లాకులోన = గేటుకు కాస్త దూరంలో, చెట్టు నీడన, ఎవరి వైపూ చూడకుండా పెదవి కదపకుండా మాట్లాడే వ్యక్తి వద్ద; బంగారు రేటుకు = పొద్దుట ఒక ధర, సాయంత్రం ఒక ధర అగునట్లు; దొరుకు = తప్పక దొరకును. కౌంటరందు = జల్లెడలాంటి ఇనుప కిటికీ వెనుక; మాట = వినిపించు పలుకు; కాదు = "దాదా, ఈ లైను కాదు, మెంబర్లది" అనుట; లేదు = సరైన లైను కనుక్కుని మొదటికి చేరేసరికి "అయిపోయినై" అనుట.

తాత్పర్యం

టిక్కెట్టు ఉన్నవాడు సుఖి. లేనివాడు దుఃఖి. అమ్మే చోట లేనిది అమ్మకూడని చోట ఉంటుంది. కౌంటరు దగ్గర మాటలు రెండే: ముందు కాదు, తర్వాత లేదు.

పాఠాంతరం

నవ్యులు నాలుగో పాదాన్ని "యాప్పులోన మాట కాదు, లేదు" అని సవరించి చదువుతున్నారు. వారి వాదం: ఇప్పుడు అమ్మకం చాలావరకు ఆన్‌లైన్‌లోనే, క్లబ్బు టెంట్లుండే మైదాన్‌లో లైను కట్టేవాడు పాతకాలపువాడు. ప్రాచీనులు ఒప్పుకోరు. ఆటవెలదిలో మొదటి గణానికీ నాలుగో గణానికీ యతి కుదరాలి. "కౌ"కు "కా" చెల్లుతుంది, "యా"కు "కా" చెల్లదు. యాప్‌తో యతి చెడుతుంది, ఆపైన మతి కూడా చెడుతుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూ తిరుగుతూ, ఓటీపీ వచ్చేలోపు గడువు ముగిసి, డబ్బు కట్ అయి, సీటు రాకపోతే వేలు చూపి తిట్టడానికి ఎదురుగా మనిషైనా ఉండడు. కౌంటరులో ఉంటాడు. "అరిచి తిట్టే సౌకర్యం కూడా టిక్కెట్టు ధరలో కలిసే ఉంది" అని ఒక ప్రాచీనుడు వాదించగా, నవ్యుడు "దాదా, మీ లైనులో మనుషుల కన్నా ఇటుకలే ఎక్కువ" అని కొట్టాడట. నిజమే. ఆ ఊళ్లో లైను చోటు పట్టడానికి ఇటుక పెడతారు, చెప్పు పెడతారు, మడతపెట్టిన పేపరు మీద రాయి పెడతారు. మట్టి చిప్ప చాయ్ తాగి వచ్చేసరికి ఇటుక ముందుకు జరిగి ఉంటే అదృష్టం, వెనక్కి జరిగి ఉంటే యుద్ధం. కనుక "కౌంటరందు" అన్నదే ప్రామాణిక పాఠం.

వ్యాకరణ విశేషం

ఈ పద్యంలో కారకాలన్నీ కనిపిస్తాయి. ఆతిథ్యమిచ్చే జట్టు కర్త: ధర కట్టేదీ అదే, గేట్లు పంచేదీ అదే. ఎదుటి జట్టు అభిమాని కర్మ. పోలీసు లాఠీ కరణం. ఎవరికి చేరుతుందో ఆ సంప్రదానం బ్లాకు వ్యాపారి. దేని నుంచి విడిపోతుందో ఆ అపాదానం మన జేబు. స్టేడియం అధికరణం, అందులోకి ప్రవేశిస్తేనే.

కర్తకూ కర్మకూ తగువు కొత్త కాదు. 2024 మార్చి 10న ఈస్ట్ బెంగాల్ ఆతిథ్యంలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) డెర్బీకి, ఎదుటి జట్టువారి టిక్కెట్లకు ధర ఎక్కువ కట్టారని మోహన్ బాగాన్ వైపు నుంచి గట్టి అభ్యంతరం లేచింది. ఆ మ్యాచ్‌ను మోహన్ బాగాన్ 3-1తో గెలిచింది. ఎక్కువ డబ్బు కట్టి మూడు గోల్స్ చూశాం కాబట్టి గోలుకింత చొప్పున గిట్టుబాటైందని ఒక పక్షం, తక్కువ కట్టి ఓటమి చూసిన మా డబ్బే దండగని మరో పక్షం తేల్చుకున్నాయి.

శంకా సమాధానాలు

శంక: ఆడేది సాల్ట్ లేక్ స్టేడియంలో కదా. అంత పెద్ద కడుపులో ఒక్క సీటు లేదనడం కవి అతిశయోక్తి కాదా?

సమాధానం: కాదు, లెక్క చూడండి. 1984లో తెరిచినప్పుడు అక్కడ లక్షా ఇరవై వేల మంది పట్టేవారు. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,781 మంది వచ్చారు. మోహన్ బాగాన్ కోచ్ అమల్ దత్తా డైమండ్ వ్యూహం గురించి గొప్పగా చెప్పుకుని, ఎదుటి ఆటగాళ్లను వెటకారం చేస్తే, భైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టి ఈస్ట్ బెంగాల్‌ను 4-1తో గెలిపించాడు. తర్వాత 2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం వరుస బెంచీల స్థానంలో ఒక్కొక్కరికి ఒక్కో కుర్చీ వేశారు. ఇప్పుడు పట్టేది సుమారు 68 వేలు. కుర్చీ సుఖం, చోటు సగం. ఊరి జనం మాత్రం సగం కాలేదు. ఆ 68 వేలలో మెంబర్లు, అతిథులు, పాసులవాళ్లు పోగా, రెండు జట్ల అభిమానుల మధ్య పోలీసులు ఖాళీగా ఉంచమనే వరుసలు కూడా పోగా, లైనులో నిలబడ్డవాడికి మిగిలింది కవి చెప్పిన నాలుగో పాదమే.

శంక: బ్లాకు ఆధునిక దురాచారం కదా. పద్యంలో దానికి శాస్త్రగౌరవం దేనికి?

సమాధానం: ఆధునికం కాదు. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ మీద మోహన్ బాగాన్ దాదాపు అందరూ ఉత్తకాళ్లతోనే ఆడి 2-1తో గెలిచిన నాడే, మైదానం చుట్టూ టిక్కెట్లు అసలు ధరకు ఎన్నో రెట్లు పలికాయి. లోపలికి పోలేని వేలమందికి గాలిపటాలు ఎగరేసి స్కోరు తెలిపారు. బ్లాకువాడి వయసు ఈస్ట్ బెంగాల్ క్లబ్బు కన్నా ఎక్కువ.

అలంకారం, రసం

"బంగారు రేటు" చూసి అతిశయోక్తి అనుకోకూడదు. స్వభావోక్తి. ఛందస్సు ఆటవెలది కావడం కూడా ఔచిత్యమే. ఆటకు వెళ్లలేకపోయినవాడికి ఆటవెలదైనా దక్కాలి.

రసం విప్రలంభ శృంగారం. ఇక్కడ నాయిక అభిమాని, నాయకుడు టిక్కెట్టు. అష్టవిధ నాయికలు లైనులో వరుసగా కనిపిస్తారు. మ్యాచ్‌కు మూడు రోజుల ముందే ఈస్ట్ బెంగాల్ ఎరుపు పసుపు జెర్సీ వేసుకుని, మొహానికి రంగు కూడా సిద్ధం చేసుకున్నవాడు వాసకసజ్జిక. అరగంటకోసారి ఫోను రిఫ్రెష్ చేస్తూ "ఇంకా ఎందుకు రాలేదు" అని కుమిలేవాడు విరహోత్కంఠిత. "మీ లావాదేవీ విఫలమైంది" అని సందేశం అందుకున్నవాడు విప్రలబ్ధ. పక్క సీటు మిత్రుడికి పెద్దమనిషి ఇచ్చిన ఉచిత పాసు ఉందని మ్యాచ్ రోజు ఫొటోలో చూసి మండిపడేవాడు ఖండిత. కౌంటరు గుమాస్తాతో గొడవపడి, లైనులోంచి బయటికి వచ్చేసి, పది అడుగులు వేశాక పశ్చాత్తాపపడేవాడు కలహాంతరిత. తన టిక్కెట్టు మిత్రుడి దగ్గరుండి, ఆ మిత్రుడు సియాల్దా లోకల్లో ఇరుక్కుపోతే గేటు దగ్గర ఎదురుచూసేవాడు ప్రోషితభర్తృక. చీకటి పడ్డాక చెట్టు నీడవైపు తలవంచుకుని నడిచేవాడు అభిసారిక. మెంబర్ కార్డు మెడలో వేసుకుని ఎవరినీ లెక్కచేయకుండా వేరే గేటులోంచి పోయేవాడు స్వాధీనపతిక. ఈ ఎనిమిదో నాయిక మీద మిగిలిన ఏడుగురికీ ఎంత కోపమో అలంకార గ్రంథాల్లో లేదు, లైనులో ఉంటుంది.

లోకోక్తి విచారం

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ చేప ధర పెరుగుతుంది, మోహన్ బాగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుంది. ఆ ఇలిశే సముద్రం నుంచి ఎదురీది గోదావరికి వచ్చినప్పుడు మన పులస. పుస్తెలమ్మైనా పులస తినమన్న జాతి మనది. కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టి టిక్కెట్టు కొన్న బెంగాలీని చూసి మనం నవ్వరాదు.

మన పాలు

ఈ పద్యం తెలుగులో ఎందుకు పుట్టిందన్నవారికి సమాధానం ఉంది. ఈస్ట్ బెంగాల్‌కు స్వర్ణయుగం తెచ్చిన ముందువరుస ఐదుగురు, అహ్మద్ ఖాన్, అప్పారావు, ధనరాజ్, సాలే, వెంకటేశ్. కలకత్తా జనం వారిని పంచపాండవులు అన్నారు. వారిలో ఒకరి పేరు అప్పారావని గమనించాలి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టుకే ఆడి, కలకత్తా దగ్గరి ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023లో కన్నుమూశాడు. హైదరాబాదు మహమ్మద్ హబీబ్ రెండు జట్లకూ ఆడాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బు మీద మోహన్ బాగాన్ 2-2తో నిలిచినప్పుడు ఒక గోలు అతనిదే. ఈ ఆటగాళ్లను చూడటానికి కలకత్తావాళ్లు ఎన్ని టిక్కెట్ల లైన్లు కట్టారో, అందులో మనకూ కొంత భాగం ఉంది.

అపహాస్యం తగని చోటు

ఇక్కడ వ్యాఖ్యాత పరిహాసం ఆపుతాడు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో కలకత్తా లీగ్ డెర్బీ జరుగుతుండగా, రెండు జట్ల అభిమానులూ ఒకే స్టాండులో పక్కపక్కన కూర్చుని ఉండగా గొడవ లేచి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఏటా ఆ రోజును ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటించి రక్తదానాలు చేస్తారు. ఎవరికి ఏ స్టాండు, ఎవరికి ఏ గేటు, ఎన్ని టిక్కెట్లు అన్నది గుమాస్తా పని కాదని, ప్రాణం పని అని ఆ సంవత్సరం నేర్పింది. వేరు గేట్లు, ఖాళీ వరుసలు చూసి విసుక్కునేవాళ్లు ఆ పదహారుగురిని తలచుకోవాలి.

2024 ఆగస్టు 18న ఇంకొకటి జరిగింది. ఆర్జీ కర్ ఆసుపత్రి డాక్టరు హత్యాచారం తర్వాతి ఆందోళనల్లో, భద్రతకు బలగాలు చాలవని ఆ రోజు జరగాల్సిన డ్యూరాండ్ కప్ డెర్బీని ముందే రద్దు చేశారు. అమ్మిన టిక్కెట్లు చెల్లని కాగితాలయ్యాయి. అయినా అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం దగ్గరికి వచ్చారు. మోహన్ బాగాన్ ఆకుపచ్చ మెరూన్ జెండాలూ ఎరుపు పసుపు జెండాలూ కలిసి న్యాయం కోరాయి, కలిసే లాఠీ దెబ్బలు తిన్నాయి. టిక్కెట్టు కోసం జీవితాంతం తగవులాడే రెండు పక్షాలు టిక్కెట్టు అక్కర్లేని చోట ఒకటిగా నిలబడ్డాయి.

సిద్ధాంతం

పూర్వపక్షాలన్నీ పరిశీలించి తేల్చినది. యాప్ మంచిదా, కౌంటరు మంచిదా అన్న వాదం వృథా. సీట్లకన్నా జనం ఎక్కువున్న చోట కొందరికి దొరకదు, అది అంకగణితం, అందుకు ఎవరినీ తిట్టరాదు. తిట్టాల్సింది లెక్క దాచినందుకు. ఎన్ని పోయాయో తెలియని లైనులో ప్రతివాడూ పక్కవాడిని అనుమానిస్తాడు. గుమాస్తా అమాయకుడైనా దొంగలా కనబడతాడు. దొంగ చెట్టు కింద గుమాస్తాలా కూర్చుంటాడు. లెక్క చీకట్లో ఉన్నంతవరకే బ్లాకుకు బతుకు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ప్రాతఃకాలంలో పఠించినవారికి టిక్కెట్టు దొరుకుతుందని హామీ లేదు. క్లబ్బుల పెద్దలకు ఒక విన్నపం మాత్రం ఉంది. అమ్మకానికి ముందురోజు టెంటు బయట ఒక బోర్డు పెట్టి నాలుగు అంకెలు రాయండి: మొత్తం సీట్లు, మెంబర్లకు ఇచ్చినవి, పాసులుగా పంచినవి, బహిరంగంగా అమ్మేవి. యాప్ తెర మీద కూడా అవే నాలుగు అంకెలు చూపండి. అప్పటికీ సీటు దొరకనివాడు టీవీ ముందు కూర్చుంటాడు, కానీ మోసపోయానని అనుకోడు.