గేటు పక్కన వంగిన చెట్టు

ఎండ ఊళ్లలో అపార్టుమెంటు గేటుకు అటొకటి ఇటొకటి కాపలా పెట్టే కోనిఫర్‌ను కొన్నవారు క్రిస్మస్ చెట్టంటారు, అమ్మినవారు పైన్ అంటారు. అది పైన్ కాదు. పైన్ సూదులు రెండో మూడో అయిదో కలిసి ఒకే తొడుగులోంచి గుత్తిగా వస్తాయి. దీని ఆకులు ఒక్కొక్కటిగా కొమ్మ చుట్టూ అంటిపెట్టుకుని ఉంటాయి. ఇది అరౌకేరియా. కొమ్మ పట్టుకుని చూస్తే తెలిసిపోయేదే, కాని పట్టుకునేవారెవరు?

సముద్రపొడ్డు సరుగుడు అసలు కోనిఫరే కాదు, పూలు పూసే చెట్టు. దాని సన్నపుల్లను లాగితే కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఆ కణుపు చుట్టూ కనీకనిపించని పళ్లే ఆకులు. పైన్ సూదికి కణుపులుండవు. నరమామిడిని కూడా ఈ లెక్కలో వేసేవారున్నారు. అంతంత ఆకులు కళ్లముందే వేలాడుతున్నా! తూజాతో పేచీ లేదు: చదునైన ఆకుల రెమ్మలు నిలువుగా నిలబడతాయి, కాయ మీద కొక్కేలుంటాయి.

చిక్కంతా అరౌకేరియాలోనే. తోటల్లో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. నార్‌ఫోక్ దీవి రకానికి కొమ్మల అంతస్తుల మధ్య ఖాళీ ఎక్కువ, ఆకారం వెడల్పు. కెప్టెన్ కుక్ 1774లో దాన్ని చూసి ఓడ స్తంభాలకు పనికొస్తుందని మురిశాడు, పనికిరాలేదు. న్యూ కలెడోనియాకు చెందిన కుక్ పైన్ సన్నని స్తంభంలా పెరుగుతుంది, బెరడు పొరలుగా లేస్తుంది. లేతప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి కనుక ఒకదాని పేరుతో మరొకటి అమ్ముడవుతుంది.

పెరిగాక కుక్ పైన్ తనంతట తానే బయటపడుతుంది, వంగి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నది దక్షిణానికి, దక్షిణాన ఉన్నది ఉత్తరానికి వాలుతుందని 2017లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఎందుకో తేలలేదు. అపార్టుమెంటు సంఘానికి మాత్రం వెంటనే తేలిపోతుంది: తోటమాలి సరిగా నాటలేదు. వెదురు కడతారు, తాడు బిగిస్తారు, తాడు కట్టిన కొళాయి గొట్టం ఊడొస్తుంది, దాని మరమ్మతు ఖర్చు ఎవరిదని సమావేశం పెడతారు. సమావేశంలో ఒకరు లేచి, దక్షిణం యముడి దిక్కని గుర్తుచేస్తారు. ఎజెండా మారిపోతుంది. వాస్తు పండితుడొస్తాడు, ఉత్తరం వైపు నీళ్లతొట్టి పెట్టిస్తాడు, ఫీజు పుచ్చుకుంటాడు. చెట్టు ఇంకాస్త వాలుతుంది.

నార్‌ఫోక్ రకం సొంతగడ్డ మీద యాభై మీటర్లు దాటుతుంది. ఇక్కడ దాన్ని కరెంటు తీగల కింద నాటి, తీగ తగిలిన ఏడాది కొన నరుకుతారు. ఆ కొన మళ్లీ మునుపటిలా రాదు. నరికినవాడికి ఆ సంగతి తెలియదు. నాటినవాళ్లు అప్పటికే ఇల్లు మారిపోయి ఉంటారు. మొండి చెట్టు మాత్రం గేటు దగ్గర అలాగే బతుకుతుంది, ఏళ్ల తరబడి.

పక్కకొమ్మను కత్తిరించి అంటుగా నాటినా పైకి లేవదు, పక్కకే పాకుతుంది. విత్తనం నుంచి గాని నిలువు కొన నుంచి గాని వచ్చిన మొక్కే నిటారుగా ఎదుగుతుంది. నర్సరీలో మొదట అడగాల్సింది ఆ మాటే.