ఓపీ చీటీ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ ఓపీ చీటీ గారికి,

ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి పెద్ద సూపరింటెండెంటు గారని జనం పొరబడుతుంటారు. ఆయనకు బదిలీ ఉంటుంది, తమరికి లేదు. అందుకే ఈ అర్జీ నేరుగా తమరికే.

అర్ధరాత్రి 108 దింపిన మనిషి గుండె పట్టుకుని స్ట్రెచర్ మీద మెలికలు తిరుగుతుంటాడు. కొడుకేమో కౌంటర్ ముందు తమరి దర్శనం కోసం లైన్లో ఉంటాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్. ఇంతలో సర్వర్ పడుకుంటుంది. గుండెపోటు అనుమానముంటే వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలంటారు డాక్టర్లు. ఆ పదీ తమరికే నైవేద్యం.

ముందు ప్రాణం, పోలీసు లాంఛనాలు తర్వాత అని పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. అయినా యాక్సిడెంట్ కేసు రాగానే "ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) రాశారా?" అన్న మాటే ముందు వినబడుతుంది. తీర్పుకు కూడా తమరు ఇంకా నంబరు ఇవ్వలేదేమో!

తమరిని దాటి లోపలికి పోగలిగేవి రెండే: ఎమ్మెల్యే గారి ఫోను, పెద్ద గొంతు. వేలు తెగినవాడు కేకలేసి కుట్లు వేయించుకుంటాడు. బెంచీ మీద మూతి వంకరపోయి, మాట పడిపోయిన ముసలమ్మ కేకెలా వేస్తుంది? ఇలా పక్షవాతం మొదలయ్యాక, మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు గడువు 4.5 గంటలు. అందులో ఊరి నుంచి రావడానికే సగం పోతుంది.

నెపోలియన్ సైన్యంలో లారీ అనే సర్జన్ ఉండేవాడు. హోదా చూడకుండా, గాయం తీవ్రతను బట్టే ముందెవరో తేల్చేవాడు. యుద్ధభూమిలో కుదిరింది మన గుమ్మంలో ఎందుకు కుదరదు? శిక్షణ పొందిన ఒక నర్సమ్మను గుమ్మంలో నిలబెట్టండి. నాడి, బీపీ, ఊపిరి, ఆక్సిజన్, స్పృహ చూసి ఎరుపో పసుపో ఆకుపచ్చో పట్టీ కడుతుంది. ఎర్రపట్టీ తిన్నగా లోపలికి పోవాలి, తమరు తాపీగా మంచం దగ్గరికే వేంచేయవచ్చు. ఆకుపచ్చ వాళ్లకు ఆలస్యం ఎందుకో ఎవరైనా ఒక ముక్క చెబితే, పాపం, హౌస్ సర్జన్ చెంపకూ కొంత రక్షణ.

డ్యూటీ మారేటప్పుడు కూడా తమరి వెనక వైపు రాసిన కోడిగీతలనే నమ్ముకోవాల్సి వస్తోంది. ఏ మందు ఇచ్చారో, ఏ రిపోర్టు రావాలో ఇద్దరు డాక్టర్లూ మంచం పక్కన నిలబడి చెప్పుకునేలా చూడగలరు.

ఈ అర్జీ ఏ కౌంటర్లో ఇవ్వాలో, దానికి మళ్లీ చీటీ తీసుకోవాలో లేదో సెలవియ్యగలరు.

ఇట్లు,
లైన్లో నిలబడ్డ ఒక అటెండెంటు