రెండు వైపులా ప్రశ్నలే

నేనొక కాగితాన్ని. జగ్గయ్యపేటలో నన్ను జిరాక్స్ తీశారు. ముందువైపు ఎనిమిది ప్రశ్నలు, వెనకవైపు తొమ్మిది. జనం పెట్టిన టిక్కులు అంకెలవుతాయి. ముందువైపు అంకె పట్టుదలను చెబుతుంది, వెనకవైపుది పనిలో లీనం కావడాన్ని.

ముందువైపు అమెరికాలో పుట్టింది. సైకాలజిస్టు ఏంజెలా డక్‌వర్త్ బృందం 2007లో పన్నెండు ప్రశ్నలు రాసి, 2009లో ఎనిమిదికి కుదించింది. వెనకవైపుది నెదర్లాండ్స్. విల్మార్ షౌఫెలి బృందం 2002లో వేసిన పదిహేడు ప్రశ్నలు 2006లో తొమ్మిదయ్యాయి. రెండూ ఒకటేననుకునేవాళ్లున్నారు, కాదు. ముందువైపు స్వభావాన్ని అడుగుతుంది: ఈ మాట నీకెంత సరిపోతుంది, 1 నుంచి 5. వెనకవైపు రోజులను అడుగుతుంది: ఇలా ఎన్నాళ్లకోసారి అనిపిస్తుంది, 0 నుంచి 6. యజమాని మారితే వెనకవైపు అంకె మారిపోవచ్చు, మనిషి అదే మనిషి.

సైకాలజీ చదివే అమ్మాయి నన్ను వత్సవాయి తెచ్చింది. మిరప కళ్లంలో తాలుకాయలు ఏరుతున్న కౌలు రైతు దగ్గర కూర్చుంది.

"బాబాయ్, ఒక పని అనుకుని, తర్వాత ఇంకోదానికి మారుతుంటావా?"

"మారకపోతే ఎట్టమ్మా? నల్ల తామర పురుగొచ్చిన ఏడు మిరపంతా పోయింది. మరుసటేడు పత్తేశా."

2021-22లో ఆ పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప రైతును ముంచింది. పైరు మార్చి అతను సంసారం నిలబెట్టుకున్నాడు. నా లెక్క ప్రకారం మాత్రం "అవును" అంటే మార్కు తగ్గుతుంది. ఇది అన్యాయమని నా నమ్మకం. 2017లో క్రెడే, టైనన్, హార్మ్స్ అనే పరిశోధకులు పట్టుదల మీద జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. ఆసక్తి మారకపోవడం కంటే ప్రయత్నం వదలకపోవడమే ఫలితాలతో గట్టిగా ముడిపడి ఉందని తేల్చారు.

తర్వాత నన్ను తిప్పి, కోత కూలికొచ్చిన ఆమెను అడిగింది: "పొద్దున లేవగానే పనికి వెళ్లాలనిపిస్తుందా పిన్నీ?"

"అనిపించేదేముందమ్మాయ్, ముఠా ఆటో వచ్చి ఆగుద్ది. పోకపోతే ఆ రోజు కూలి పోద్ది."

ఏ గడిలో టిక్కు పెట్టాలో అమ్మాయికి తోచలేదు. కూలి పోతుందని లేచేవాళ్లకు నా దగ్గర గడి లేదు.

ఈ నేలకు ఇలాంటి కొలతలు కొత్త కాదు. 1964-65లో అమెరికా సైకాలజిస్టు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌తో కలిసి కాకినాడ వ్యాపారులకు సాధించాలన్న తపన పెంచే శిక్షణ ఇచ్చాడు. ఆ తపనను కొలవడానికి ఆయన సూటిగా అడిగే ప్రశ్నలను నమ్మలేదు. బొమ్మలు చూపించి కథలు రాయించేవాడు. శిక్షణయ్యాక వాళ్లు వ్యాపారంలో ఏం చేశారో కూడా చూశాడు. ఆ చూడటమే నాకు లేదు. నేను అడిగి వదిలేస్తాను.

నా ముందువైపు రాసిన డక్‌వర్త్ కూడా 2015లో తోటి పరిశోధకుడు యేగర్‌తో కలిసి హెచ్చరించింది: ఇలాంటి అంకెలతో బడుల మంచిచెడ్డలు తేల్చవద్దని. ఉద్యోగాలకూ అదే చెబుతాను. నన్ను చూసి ఎవరినీ పనిలోంచి తీసేయకండి. మీ ఆఫీసులో నన్ను మీ చేతికిస్తే, నింపే ముందు ఈ అంకె ఎవరి బల్ల మీదికి వెళుతుందో అడగండి.