కరెంటొచ్చి కడుపు కొట్టింది

కరెంటు నిలకడగా ఉంటే పల్లెల్లో ఇంటి రాబడి పెరుగుతుందని పెద్దలు సెలవిస్తుంటారు. తల్లాడ సెంటర్లో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్న మా బాబాయి ముందు ఆ మాట అనకండి, మంచినీళ్లు కూడా పుట్టవు.

ఒకప్పుడు ఆయనది రాజభోగం. పొలానికి 7 గంటల కరెంటు, అదీ రెండు ముక్కలు. ఒక ముక్క అర్ధరాత్రి. అది రాగానే ఆటో స్టార్టర్ల పుణ్యమా అని ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి. ఓల్టేజీ చతికిలబడేది. పాల్వంచలో 1960ల నుంచీ బొగ్గు కాలిస్తే కరెంటు వస్తోంది. మా దగ్గర కరెంటొస్తే మోటారు కాలేది. తెల్లారేసరికి షాపు ముందు ట్రాలీలో, బండి మీద, స్కూటర్ వెనక సీటు మీద శవాలు బారులు తీరేవి. మాడిన వార్నిష్ కంపులో కూర్చుని, నల్లబడ్డ రాగితీగను ఉలితో తెంపి లాగుతూ, "ఏం పెద్దయ్యా, మళ్లీ కాలిందా?" అని బాబాయి పరామర్శించేవాడు. ఆ పరామర్శ ఖరీదు రైతుకు తెలుసు. 2004లోనే వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది కదా అంటారా? అయింది. బిల్లు మాత్రం వైండింగ్ షాపులో కట్టేవాళ్లు. ట్రాన్స్‌ఫార్మర్ పేలితే చందా అదనం.

2018 జనవరి 1న పొలాలకు 24 గంటల కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్లు పీకెయ్యమన్నారు. లోకమంతా హ్యాపీ న్యూ ఇయర్, బాబాయికి తద్దినం.

నీ రాబడి ఎంత పెరిగిందయ్యా అంటే రైతు బుర్ర గోక్కుంటాడు. కాలిపోని మోటారు ఏ పద్దులోకి వస్తుంది? బాబాయి మాత్రం పైసలతో సహా చెబుతాడు, ఆ నోట్లు ఒకప్పుడు ఆయనవే కాబట్టి.

పక్క సందులో మా వదిన కుట్టుమిషన్‌కు మోటారు బిగించింది. జాకెట్లు పెరిగాయి, డబ్బులూ కనిపిస్తున్నాయి. పోయిందల్లా "కరెంటు లేదక్కా" అనే సాకు. 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఇంటికి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు కూడాను. నెలాఖరున మామగారు ఫ్యాను వేస్తే ఆమె మీటరు వైపు చూస్తుంది; ఆయన మర్యాదగా అరుగు మీదికి నడుస్తాడు.

మొన్న సాయంత్రం ఈదురుగాలి లేచింది. కల్లాల్లో మిర్చి మీద పట్టాలు కప్పడానికి ఊరంతా పరుగెత్తింది. బాబాయి ఒక్కడే షట్టర్ సగం ఎత్తి, రాగితీగ చుట్ట కిందికి దించి, ఊగుతున్న వైర్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.