క్రాంటాబ్ ఏకపంక్తికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పంక్తి ఒక కంపెనీవారి లోడ్ బ్యాలెన్సర్ మిషన్ మీద దొరికింది. కవి పేరు గిట్‌లో ఉంది గానీ, కవిగారు నోటీసు పీరియడ్ ముగించుకుని వెళ్లిపోయారు. స్వీయ వ్యాఖ్య రాసిపెట్టే ఆచారం వారి శాఖలో లేదు. పూర్వవ్యాఖ్య ఒక్కటే లభ్యం: పంక్తి నెత్తిన హాష్ గుర్తు పెట్టి "డోంట్ టచ్" అని. అది వ్యాఖ్యో శాపమో ఎవరూ తేల్చలేదు.

సందర్భం ఇది. అమెజాన్‌వారి సొంత లోడ్ బ్యాలెన్సర్ అద్దెకు తీసుకుంటే దాని లెక్కలు అమెజాన్‌వారి పర్యవేక్షణ సేవ క్లౌడ్‌వాచ్‌కు వాటంతటవే చేరతాయి. ఇక్కడివారు అలా చేయలేదు. ఈసీ2 మిషన్ తీసుకుని, విల్లీ టారో 2001లో తొలిసారి విడుదల చేసిన హెచ్‌ఏప్రాక్సీని దాని మీద తామే నడుపుకుంటున్నారు. అమెజాన్‌కు బయటినుంచి కనిపించేవి సీపీయూ, నెట్‌వర్క్ వంటివి. లోపల ఎన్ని కనెక్షన్లున్నాయో, ఎవరు వరసలో నిలబడ్డారో మనం చెబితేగాని దానికి తెలియదు. చెప్పడమెలాగన్నదే కావ్యవస్తువు.

మూలం

* * * * * రూట్ ఎకో "షో స్టాట్" |
సోక్యాట్ స్టడ్‌ఐఓ /రన్/హెచ్‌ఏప్రాక్సీ/అడ్మిన్.సాక్ |
/ఆప్ట్/పుట్‌మెట్రిక్.ఎస్‌హెచ్

ప్రతిపదార్థం

* * * * * = ప్రతి నిమిషమునందును, ప్రతి గంటయందును, ప్రతి దినమునందును, ప్రతి మాసమునందును, ఏ వారమైనను; రూట్ = సర్వాధికారి యగువానిచేత; ఎకో "షో స్టాట్" = "నీ స్థితిగతులు చూపుము" అను పలుకును; | = తరువాతివాని చేతికందించి; సోక్యాట్ = సాకెట్టులయొద్ద దౌత్యము నెరపు సాధనముచేత; స్టడ్‌ఐఓ = చెప్పినది విని, విన్నది చెప్పు రీతిని; /రన్/హెచ్‌ఏప్రాక్సీ/అడ్మిన్.సాక్ = హెచ్‌ఏప్రాక్సీయొక్క చెవి యగు సాకెట్టునందు వేసి; | = వచ్చిన జవాబును మరల అందించి; /ఆప్ట్/పుట్‌మెట్రిక్.ఎస్‌హెచ్ = క్లౌడ్‌వాచ్‌కు చేరవేయు స్క్రిప్టును. "నడుపవలయును" అని అధ్యాహారము.

తాత్పర్యం

నిమిషానికోసారి హెచ్‌ఏప్రాక్సీని ఎలా ఉన్నావని అడిగి, అది చెప్పింది క్లౌడ్‌వాచ్ చెవిన వేయాలి. పరీక్షకు ఇంత రాస్తే చాలు. ప్రొడక్షన్‌కు చాలదు.

విశేషాలు

నిలువు గీతను చూసి శ్లోకం మధ్యన పెట్టే దండమనుకుని ఊపిరి తీసుకునేవారున్నారు. తప్పు. దండం దగ్గర ఆగాలి, దీని దగ్గర ఆగకూడదు.

రూట్, అడ్మిన్ అన్న రెండు పదాలూ ఒకే పంక్తిలో పడటం అతిశయోక్తి. "షో స్టాట్" అడగడానికి ఆ సాకెట్టులో అన్నిటికన్నా కిందిస్థాయి హోదా చాలు. అడ్మిన్ హోదాతో సర్వర్లను వరసలోంచి తీసేయవచ్చు కూడా. కుశలప్రశ్న వేయడానికి అంత అధికారం ఎందుకో కవే చెప్పాలి. ఒక ఔచిత్యం మాత్రం మెచ్చుకోవాలి: తేదీ కట్టే ముక్కను పంక్తిలో పెట్టక స్క్రిప్టులో దాచాడు. క్రాంటాబ్‌లో శాతం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ లేకుండా కనిపిస్తే పంక్తి అక్కడితో తెగిపోతుంది.

ఇక జవాబు. అది కామాలతో విడగొట్టిన వరుసలుగా వస్తుంది. మొదటి వరుస శీర్షికలు: పీఎక్స్‌నేమ్, ఎస్‌వీనేమ్, క్యూకర్, క్యూమాక్స్, ఎస్‌కర్, ఎస్‌మాక్స్, ఎస్‌లిమ్, ఎస్‌టాట్, ఆపైన ఇంకా బోలెడు. ఉదాహరణకు ఒక వరుస:

పేమెంట్స్,యాప్3,14,52,200,200,200,918204

యాప్3 అనే సర్వర్‌కు హద్దు 200 కనెక్షన్లు. ఇప్పుడు సరిగ్గా 200 ఉన్నాయి. 14 మంది బయట వరసలో నిలబడ్డారు, ఒక దశలో 52 మంది నిలబడ్డారు. ఈ క్షణాన సీపీయూ గ్రాఫ్ తీసి చూడండి, ప్రశాంతంగా ఉండవచ్చు. సర్వర్ పని చేయడం లేదు మరి, అవతలి బ్యాంకు జవాబుకోసం కూర్చుంది. కాబట్టి ఈ వరుసంతటికీ ప్రాణం మూడో గడి. క్యూకర్ సున్నా దాటి నాలుగు నిమిషాలు దిగకపోతే మనిషిని నిద్రలేపవచ్చు. మిగతా గడులు ఆ మనిషి లేచాక చూసుకునేవి.

ఎనిమిదో గడి ఎస్‌టాట్. కవి అసలు పొరపాటు ఇక్కడుంది. స్క్రిప్టు తెరిచి చూస్తే దీన్ని ఉన్నదున్నట్టు పంపుతున్నాడు. ఇది కరెంటు మీటరు రీడింగు లాంటిది: ఈ రీడింగులోంచి పోయిన రీడింగు తీసేస్తేనే వాడకం తెలుస్తుంది. తీసేయకుండా పంపితే గ్రాఫు ఎప్పుడూ ఎడమ కింద నుంచి కుడి పైకి పాకుతుంది, వ్యాపారం దివ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ గ్రాఫును మేనేజర్లు స్లైడ్లలో పెట్టుకుంటారని వినికిడి. పోయిన నిమిషం విలువను ఒక ఫైల్లో దాచుకుని తేడా పంపడమే పద్ధతి. మరి హెచ్‌ఏప్రాక్సీని రీలోడ్ చేస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అప్పుడు తేడా రుణసంఖ్య అవుతుంది. కొత్తది పాతదానికన్నా చిన్నదైతే కొత్తదాన్నే తేడాగా తీసుకోవాలి.

వరుసల్లో ఫ్రంట్‌ఎండ్, బ్యాక్‌ఎండ్ అనే పేర్లు కనిపిస్తే అవి సర్వర్లు కావు, మొత్తాలు. వాటినీ కలిపి కూడితే ఒకే కనెక్షన్‌ను పలుమార్లు లెక్కపెట్టినట్టే.

"అన్ని గడులూ పంపితే పోలేదా?" అంటారు ఉదారులు. పేరు, దానికి తగిలించిన డైమెన్షన్లు కలిసి ఒక మెట్రిక్. అంకెలున్న గడులు 60 అనుకుందాం. 20 సర్వర్లకు 1200 మెట్రిక్కులు. అమెరికా ధరల్లో మొదటి పదివేల దాకా ఒక్కోదానికి నెలకు 0.30 డాలరు. నెలకు 360 డాలర్లు పెట్టి ఎవరూ తెరవని గ్రాఫులు కొనడం ఔదార్యమే. డైమెన్షన్‌గా ఇన్‌స్టాన్స్ ఐడీ పెడితే ఆటోస్కేలింగ్‌లో పుట్టిన ప్రతి మిషనూ కొత్త మెట్రిక్కుల గుంపును వెంట తెస్తుంది. పైగా మనం పంపినవాటిని డైమెన్షన్ల మీదుగా క్లౌడ్‌వాచ్ తనంతట తాను కలిపి చూపదు.

పంపినవి ఎల్లకాలం అలాగే ఉండవు. నిమిషం లెక్కలు 15 రోజులు, ఐదు నిమిషాలవి 63 రోజులు, గంటవి 455 రోజులు. సంక్రాంతి అమ్మకాల నాటి తొక్కిడి ఉగాది దాటేసరికి గంటకొక చుక్కగా మిగులుతుంది. మాగ్జిమం అడిగితే ఎంత ఎత్తుకు పోయిందో చెబుతుంది గానీ ఏ నిమిషంలో పోయిందో చెప్పదు.

పాఠాంతరం

స్క్రిప్టులో రీజియన్ ఒక ప్రతిలో "ఏపీ-సౌత్-1", మరో ప్రతిలో "ఏపీ-సౌత్-2". మొదటిది 2016 నాటి ముంబై, రెండోది 2022 నవంబరులో తెరిచిన హైదరాబాద్. ఏపీ అంటే ఇక్కడ ఆసియా పసిఫిక్, తెలంగాణవారు ఆగ్రహించనక్కర్లేదు. రెండు పాఠాలూ సాధువులే, కానీ హైదరాబాద్‌కు పంపి ముంబై పేజీ తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది. ఏది పంపామో అదే తెరవాలి.

శంక, సమాధానం

శంక: హెచ్‌ఏప్రాక్సీయే చచ్చిపోతే?

సమాధానం: సాకెట్టు పలకదు, స్క్రిప్టు ఏమీ పంపదు, క్యూకర్ సున్నా దాటదు. అలారం మోగదు. "ఇన్‌సఫిషియెంట్ డేటా" అని బూడిదరంగులోకి మారి ఊరుకుంటుంది. స్క్రిప్టుకు ఏడబ్ల్యూఎస్ కమాండు దొరకకపోయినా ఇదే గతి. క్రాన్‌కు ఉండే పాత్ చాలా కురచ, దాని మొర రూట్ మెయిల్‌బాక్సులో పడుతుంది, ఆ పెట్టె తెరిచినవారు అరుదు.

రాని డేటాను ఎలా అర్థం చేసుకోవాలన్నదానిపై క్లౌడ్‌వాచ్‌లో నాలుగు మతాలున్నాయి: మిస్సింగ్, ఇగ్నోర్, బ్రీచింగ్, నాట్ బ్రీచింగ్. మనం ఏమీ చెప్పకపోతే మొదటిది. లోడ్ బ్యాలెన్సర్ విషయంలో మా సిద్ధాంతం బ్రీచింగ్: కబురు రాలేదంటే కీడు జరిగినట్టే.

శంక: అలాగైతే స్క్రిప్టు సవరించడానికి ఆపినప్పుడల్లా అర్ధరాత్రి ఫోను మోగుతుందే?

సమాధానం: సవరించేవాడు ముందు అలారం యాక్షన్లను డిసేబుల్ చేసి, పని అయ్యాక ఎనేబుల్ చేయాలి. అది మరిచిపోయేవాడికి ఏ వ్యాఖ్యానమూ పనికిరాదు.