మర కలిస్తే సరిపోయే రోజులు

మా రోజుల్లో స్పేర్ పార్టు కొనడం పెద్ద విద్యేం కాదు. ఊడదీసిన పాత ముక్కని పేపర్లో చుట్టుకుని విజయవాడ ఆటోనగర్ పోవడం, కౌంటరు మీద పెట్టడం. కొట్టాయన దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, నోరు మెదపకుండా లోపలికెళ్ళి అలాంటిదే ఇంకోటి తెచ్చి పక్కన పెట్టేవాడు. మర కలిసిందా, పొడుగు సరిపోయిందా, అంతే సంగతులు. పాత అంబాసిడర్లూ పద్మినీలూ ఏళ్ళ తరబడి అలాగే నడిచాయి.

ఆక్సిజన్ సెన్సర్‌ని కూడా అలాగే కొందామనుకుంటే కుదరదు. చాలా బళ్ళలో దాని మర ఒకటే, 18 మిల్లీమీటర్లు. 22 పానాతో ఊడొస్తుంది. నాలుగు వైర్లు, చివర ఒక కప్లరు. పది రకాలు వరసగా పెడితే ఏది ఏ బండిదో కన్ను చెప్పలేదు. ఎక్కడ బిగించినా బిగుస్తుంది, పనిచేస్తుందన్న హామీ మాత్రం లేదు. చూపుకి నాలుగు వైర్ల మామూలు సెన్సర్‌లాగే ఉండి, లోపల పూర్తిగా వేరే పద్ధతిలో పనిచేసే వైడ్‌బ్యాండ్ రకం కొన్ని టొయోటాల్లో ఉంటుంది. వైడ్‌బ్యాండ్ అంటే అయిదు వైర్లే అని లెక్క నేర్చుకున్నవాడు అక్కడ దొరికిపోతాడు.

అసలు ఈ సెన్సర్ చేసే పని, అంటే పెట్రోలూ గాలీ పాళ్ళు కనిపెట్టడం, మా కాలంలో ఎవరు చేసేవారనుకున్నారు? మేమే. ప్లగ్గు ఊడదీసి మొన చూస్తే తెలిసిపోయేది. ఇటుక రంగుంటే బండి సుఖంగా ఉన్నట్టు. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, తెల్లబారితే గాలి ఎక్కువైనట్టు. కార్బరేటర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, ఇంజను మోత వింటూ మళ్ళీ పావు చుట్టు. ఒక గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి అన్న లెక్క ఏ మేస్త్రీకీ తెలీదు, అవసరమూ రాలేదు. బాష్ కంపెనీ సెన్సర్‌తో వోల్వో బళ్ళు అమెరికా రోడ్డెక్కింది 1976లోనే. మన దగ్గర పెట్టినా బతికేది కాదులెండి. పెట్రోల్లో సీసం ఉండేది, సీసం దానికి విషం. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చాకే ఈ సెన్సర్లకి మన బళ్ళలో కాలు నిలిచింది.

మార్పు వచ్చిందని నా బాధ కాదు. స్కానర్ పట్టుకున్న ప్రతివాడూ పండితుడైపోయాడే, అదీ బాధ. చెక్ లైటు వెలిగింది, స్కానర్ పెట్టాడు, పి 0171 అని వచ్చింది, "సెన్సర్ పోయింది సార్" అన్నాడు. ఒరే నాయనా, ఆ కోడ్‌కి అర్థం పెట్రోలు చాలడం లేదు, గాలి ఎక్కువైందని! ఎక్కడో వాక్యూమ్ పైపు చిట్లి ఉంటుంది, లేదా సెన్సర్‌కి ముందు సైలెన్సర్ పైపు జాయింటు కారుతూ ఉంటుంది. ఉన్న మాట చెప్పినందుకు సెన్సర్‌ని పీకేస్తానంటే, జ్వరం చూపించిందని థర్మామీటర్ పారేసినట్టు ఉంటుంది. పి 0135 వచ్చిందంటే అది హీటరు సర్క్యూట్ మాట. ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత మీటరు పెట్టి హీటరు వైర్ల మధ్య ఓమ్‌లు కొలవాలి. అప్పుడు కదా సెన్సర్ దాకా రావలసింది!

సరే, నిజంగానే పోయింది. మరి ఏది? కెటలిటిక్ కన్వర్టర్‌కి ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ముందుది పెట్రోలు పాళ్ళు దిద్దుతుంది, వెనకది ప్రధానంగా కన్వర్టర్ మీద నిఘా. స్కానర్ ఒకటో నంబరు సెన్సర్ అంటే ముందుది, రెండంటే వెనకది. వైరు పొడుగు దగ్గర్నుంచి తేడాలుంటాయి, ఒకదాని చోట ఇంకొకటి సర్దేస్తే కుదరదు. ఛాసిస్ నంబరుతో కేటలాగ్ చూసి, పాత ముక్క మీద చెక్కిన నంబరుతో సరిపోల్చుకోవాలి. బాష్, డెన్సో, ఎన్‌టీకే ఏదైనా ఫరవాలేదు, కావలసింది నంబరు కలవడం.

అన్ని బళ్ళకీ సరిపోతుందని కప్లరు లేకుండా, నాలుగు వైర్లు వేలాడుతూ అమ్మేది ఒకటుంది. చవక. కానీ ఆ రంగులు చూడండి. సాధారణంగా బాష్‌లో రెండు తెల్ల వైర్లు హీటరువి, నల్లది సిగ్నలు. డెన్సోలో రెండు నల్లవి హీటరువి, సిగ్నలేమో నీలం. నల్లదానికి నల్లది కలిపేశాడనుకోండి, బ్యాటరీ 12 వోల్టులు నేరుగా సిగ్నలు తీగలోకి. ఒక వోల్టు కూడా పుట్టని తీగ అది! పైగా సాల్డరింగ్ చేసి గట్టిగా మూసేస్తారు. చాలా సెన్సర్లు లోపలికి కావలసిన బయటిగాలి ఆ వైరు పోగుల సందుల్లోంచే పీల్చుకుంటాయని చెబితే, కుర్రాళ్ళు నా మొహం వంక చూస్తారు. అందుకే నాకు కప్లరుతో వచ్చేదే కావాలి, రెండింతలు ఖరీదైనా సరే.

ఇప్పుడు కొట్టువాళ్ళు ముక్క తెమ్మనరు, ఆర్‌సీ ఫోటో ఫోన్లో పంపమంటారు. పంపుతాను. డబ్బులు మాత్రం పెట్టె విప్పి, నా కళ్ళజోడు పెట్టుకుని, నంబరు చదువుకున్నాకే. వెనకాల క్యూలో వాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ.